పడవలా చూసుకోమన్న ఇల్లు

మా ఇంట్లో బట్టలుతికే టబ్బు బట్టలుతకడానికి దొరికి చాలా ఏళ్లయింది. అందులో ఎప్పుడూ ఏదో ఒక ఇల్లు తేలుతూ ఉంటుంది. అట్టముక్కల గోడలు, ఐస్‌క్రీం పుల్లల నేల, దాని కింద మూతలు బిగించిన ఖాళీ మందుసీసాలు. నేల మీద నా కుట్టుపెట్టెలోంచి ఎత్తుకుపోయిన బొత్తాలూ దారపు రీళ్లూ. బొత్తాలు మనుషులట, రీళ్లు మంచాలూ బీరువాలూనట. విడిచిన బట్టలు చంకలో పెట్టుకుని నేను గుమ్మంలో నిలబడితే, మా ఆడపడుచు తలైనా ఎత్తకుండా "ఒక్క పది నిమిషాలు వదినా, మంచం ఈ పక్కకి జరిపితే ఏమవుతుందో చూసి ఇచ్చేస్తాను" అంటుంది. ఆ పది నిమిషాలు సాయంత్రానికి గానీ గడవవు.

ఆడపడుచు అంటే మా ఆయన చెల్లెలు. నలభై దాటింది. ఇళ్లు కట్టించే సర్కారు ఆఫీసులో ఇంజనీరు. పెళ్లి మాట ఎత్తితే మొదట్లో నవ్వేది, తర్వాత విసుక్కునేది, ఆ తర్వాత ఎత్తే ఓపిక నాకే పోయింది. మా ఆయన దూరపు బస్సుల డ్రైవరు, ఇంట్లో ఉండే రోజులకంటే లేని రోజులే ఎక్కువ. కాబట్టి ఈ ఇంటి కాపురమంతా మా వదినామరదళ్లదే. ముందుగదిలో నా కుట్టుమిషను, వెనక గదిలో ఆమె గీతల బల్ల, మధ్యలో మా పోట్లాటలు. నాకు ముక్కు మీద కోపమని వీధంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ. ఈమె ఆఫీసులో ఒక్క పూట కూర్చుంటే ఆ వీధి మొత్తానికీ ముక్కు మీదకి వస్తుంది.

ఇంతకీ ఈ తేలే ఇళ్ల పిచ్చి ఎందుకు పట్టిందంటే, మా దగ్గర్నుంచి బస్సులో గంట దూరంలో ఏరు సముద్రంలో కలుస్తుంది. కలిసేచోట ఒక పేట ఉంది, చేపలు పట్టేవాళ్లది. వానాకాలం వస్తే వాళ్ల మీదకి వెనక నుంచి ఏరు, ముందు నుంచి సముద్రం రెండూ వస్తాయి. ప్రతిసారీ గోడలు నానిపోవడం, సామాను కొట్టుకుపోవడం, గట్టు మీద టార్పాలిన్ కింద తలదాచుకోవడం. సర్కారు విసిగిపోయి, సముద్రం చప్పుడు కూడా వినపడనంత దూరంలో అంతస్తుల మేడలు కట్టి, అక్కడికి పొమ్మంది. మేడలు చూడటానికి బాగానే ఉన్నాయి. పడవని మూడో అంతస్తుకి మోసుకెళ్లే దారి మాత్రం ఎవరూ చెప్పలేదు. అక్కడి నుంచి రెండు బస్సులు మారి తెల్లవారకముందే రేవుకి ఎవడొస్తాడు? వాళ్ల బతుకంతా ఆ రేవులో ఉంది. పేట వాళ్లు వచ్చి ఆఫీసు ముందు కూర్చున్నప్పుడు వాళ్లతో మాట్లాడమని పంపింది మా ఆడపడుచునే. మాట్లాడి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "నీళ్లొచ్చినప్పుడు ఇల్లే పైకి లేస్తే మనుషులు లేచిపోవాల్సిన పనేముంది వదినా" అంది. నా టబ్బు అప్పుడే పోయింది.

ఆమె ఆలోచన నాలాంటి దానికి కూడా అర్థమయ్యేది. గాలి చొరకుండా మూత బిగించిన పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములు కింద. వాటి మీద ఇనప చట్రం, దాని మీద చెక్క నేల, తడికె గోడలు, తేలిక రేకు. నాలుగు మూలలా నేలలోకి లోతుగా దింపిన స్తంభాలు. ఇంటి మూలలకి బిగించిన ఇనప కడియాలు ఆ స్తంభాలకి వదులుగా తొడిగి ఉంటాయి. మామూలు రోజుల్లో ఇల్లు నేల మీదే కూర్చుంటుంది. నీళ్లొస్తే మణికట్టు మీద గాజు జరిగినట్టు స్తంభాల వెంట పైకి జరుగుతుంది. నీళ్లు పోతే మళ్లీ దిగుతుంది. పక్కకి కొట్టుకుపోయే దారే లేదు. వినడానికి ఇంతే. కానీ ఇంట్లో ఎవరెక్కడ కూర్చుంటారు, పొయ్యి ఎక్కడ, నీళ్ల బిందెలు ఎక్కడ అన్న లెక్కకే ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. ఒక పక్క బరువెక్కువైతే ఇల్లు ఒరుగుతుంది, ఒరిగితే కడియం స్తంభాన్ని పట్టేస్తుంది, పట్టేస్తే ఇంక కదలదు.

ఆ లెక్కలోకి నన్ను కూడా లాగింది. ఆఫీసు వెనక నీళ్ల గుంటలో నాలుగు డ్రమ్ములతో ఒక తెప్ప కట్టించి, నన్ను ఓ అంచున కూర్చోమంది. ఎందుకమ్మా నేనే అంటే, మనింట్లో అందరికంటే బరువైన మనిషివి నువ్వే కదా అంది, ఏమాత్రం మొహమాటం లేకుండా. కూర్చున్నాను. తెప్ప పక్కకి ఒరిగింది, నేను చీరతో సహా గుంటలో పడ్డాను. ఆఫీసు ప్యూన్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. నేను ఒడ్డుకొచ్చి చీర పిండుకుంటుంటే ఈవిడ కాగితం మీద ఏదో రాసుకుని, "నువ్వు ఈ పక్క కూర్చుంటే ఆ పక్క ఇంకొకరు కూర్చోవాలన్నమాట" అంది. అది కనిపెట్టడానికి నన్ను ముంచాలా అని నేను ఇంటికొచ్చేదాకా అడుగుతూనే ఉన్నాను.

గుంటలో పడటం మేలు. ఆఫీసుల్లో పడ్డ పాట్లు దానికంటే అధ్వాన్నం. బొమ్మ గీసి ఇళ్ల ఆఫీసులో ఇస్తే, ఇది తేలుతుంది కాబట్టి పడవ, పడవలు మా పరిధిలోకి రావు, రేవు ఆఫీసుకి వెళ్లమన్నారు. రేవు ఆఫీసుకి వెళ్తే, దీనికి ఇంజనూ లేదు, తెరచాపా లేదు, ఎక్కడికీ వెళ్లదు, వంటిల్లు కూడా ఉంది కాబట్టి ఇది ఇల్లు, ఇళ్ల ఆఫీసుకి వెళ్లమన్నారు. ఆమె పనిచేసేదే ఇళ్ల ఆఫీసు. తన ఆఫీసుకి తనే బయటి మనిషిలా కాళ్లరిగేలా తిరిగింది. పెద్దసారు, అంటే ఆమె మీద అధికారి, మంచీ చెడూ ఏదీ తేల్చకుండా నీళ్లు నమిలేవాడు. ఓ రోజు ఎదురుగా కూర్చుని "ఇల్లయితే ఏంటి, పడవయితే ఏంటి సార్, మనుషులు మునక్కుండా ఉంటే చాలదా" అని అడిగిందట. చాలదు, ఫారంలో ఏదో ఒక ఖానాలో పడాలి అన్నాడట ఆయన.

చివరికి ఎలాగో ఒక్క ఇంటికి ఒప్పుకున్నారు. నమూనా ఇల్లు. షరతు మాత్రం పెద్దసారు నోటితోనే, పేట వాళ్లందరి ముందూ చెప్పాడు. కాపురం ఉన్న ఇల్లు, మనిషీ సామానూ సహా, వరదలో తేలాలి, నీళ్లు తగ్గాక తన చోట తను దిగాలి. అప్పుడు పేట మొత్తానికీ ఇలాంటివే కట్టిస్తారు, ఎవరూ కదలక్కర్లేదు. తేలకపోతే నోరు మూసుకుని మేడలకి వెళ్లాలి. పేట తల మీద కత్తిలా ఆ ఒక్క మాట వేలాడింది.

ఆ ఇంట్లో కాపురానికి దిగింది వలలమ్మ. వలలు బాగుచేస్తుంది కాబట్టి పేటంతా ఆ పేరుతోనే పిలుస్తారు. మొగుడు పోయాడు, తమ్ముడూ అతని పెళ్లామూ పక్క గుడిసెలోనే. చిన్న మనిషి, చేతులు మాత్రం తాళ్లలా ఉంటాయి. మొదటి ఇల్లు తనకే ఇస్తున్నారంటే, మునిగితే ముందు ముసలిదాన్నే ముంచుదామనా అని నవ్వింది. గృహప్రవేశానికి తెరలు కుట్టడానికి నేనూ వెళ్లాను. బరువు తక్కువగా ఉండాలని మా ఆడపడుచు ఆంక్ష పెడితే, దోమతెర బట్టలాంటి పల్చటి గుడ్డతో కుట్టాను. బీరువా సరిగ్గా మధ్యలో పెట్టించింది. నీళ్ల బిందెలు రెండు పక్కలా సమానంగా. డ్రమ్ముల దగ్గర చెత్త చేరకూడదు, కడియాలకి నెలనెలా గ్రీజు రాయాలి. అన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. పేటంతా చుట్టూ నిలబడి వింటోంది. అయినా ఆమెకి తృప్తి లేదు. వీళ్లు దీన్ని మామూలు ఇల్లనుకుని గోడకి అరుగు కట్టేస్తారేమో, వసారా దించేస్తారేమోనని భయం. అందుకని ఆఖరున గొంతు పెంచి చెప్పింది.

"ఇది ఇల్లనుకోకండి. పడవనుకోండి. మీ పడవని మీరెంత జాగ్రత్తగా చూసుకుంటారో, దీన్నీ అలాగే చూసుకోండి. అంతే చాలు."

ఆ మాటతో పేటకి ప్రాణం లేచొచ్చింది. అంతదాకా చెప్పిన లెక్కలు వాళ్లకి ఎంతవరకు ఎక్కాయో గానీ, ఇది మాత్రం సూటిగా వెళ్లింది. పడవని చూసుకోవడం వాళ్లకి ఎవరు నేర్పాలి? తిరిగొచ్చే బస్సులో మా ఆడపడుచు ముఖం వెలిగిపోతోంది. ఎంత బాగా చెప్పానో చూశావా అంది. బాగానే చెప్పావన్నాను. నిజంగానే నాకూ బాగుందనిపించింది.

అప్పట్నుంచి వరద కోసం ఎదురుచూడటం. ఇంతకంటే సిగ్గుమాలిన ఎదురుచూపు ఉంటుందా? ఆ ఏడాది వానలు పొడిపొడిగా పోయాయి. మరుసటి ఏడాదీ అంతే. లోకమంతా హమ్మయ్య అనుకుంటుంటే ఈవిడ కిటికీ దగ్గర నిలబడి ఆకాశాన్ని తిట్టేది. ఆఫీసులో పెద్దసారు రోజూ, ఏమ్మా మీ పడవ ఇల్లు ఎప్పుడు కదుల్తుంది అని వెటకారం. నాకు ఒళ్లు మండిపోయేది. ఈలోగా వలలమ్మ తమ్ముడు నెలనెలా కడియాలకి గ్రీజు రాస్తూనే ఉన్నాడు. వలలమ్మ బీరువాని అంగుళం కూడా కదపలేదు. అతిథులొస్తే సగం మందిని ఆ పక్కా సగం మందిని ఈ పక్కా కూర్చోబెట్టేదట. నా చుట్టాలు కూడా నా మాట అంత వినరు.

మూడో ఏడు గాలివాన వచ్చింది. అల్లాటప్పాది కాదు. రేడియోలో పొద్దున్నుంచీ అదే హెచ్చరిక. మా ఆడపడుచు టీ కప్పు పట్టుకుని పైకి దిగులు మొహం పెట్టుకుంది గానీ సంతోషం పట్టలేక టీ తాగకుండానే చెప్పులు వేసుకుంది. ఆమెని రేవు వైపు వెళ్లనివ్వలేదు. ఇంజనీర్లందరూ ఆఫీసులోనే ఉండాలని ఉత్తర్వు. పేట వాళ్లని బస్సుల్లో ఎక్కించి ఊళ్లోని బడికి తరలించారు, ఆ బస్సుల్లో ఒకటి మా ఆయనే నడిపాడు. మధ్యాహ్నం ఎలాగో వలలమ్మకి ఫోను కలిసింది. ఇల్లు జాగ్రత్తేనా పెద్దమ్మా అని అడిగితే, "ఏం బెంగ పెట్టుకోకమ్మా, నువ్వు చెప్పింది చెప్పినట్టే చేశాం" అని వలలమ్మ అనడం, లైను తెగిపోవడం ఒక్కసారే అయ్యాయట. వెంటనే నాకు ఫోను చేసి, చెప్పినట్టే చేశారట వదినా, చెప్పినట్టే చేశారట అని రెండుసార్లు అంది. ఆ రెండోసారి ఆమె గొంతులోని నిశ్చింత నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

నీళ్లు తీసిన రోజు మా ఆయన బస్సులోనే ఇద్దరం రేవుకి వెళ్లాం. బస్సు గట్టు మీద ఆగింది. పైనుంచే కనిపించింది. పేటలో సగం గోడలు లేవు, అది ఎప్పుడూ ఉండేదే. మా ఇల్లు, మా అని ఎందుకు అంటున్నానో నాకే తెలీదు, అక్కడే ఉంది. ఒక మూల పైకి లేచి, మిగతా మూడు మూలలు బురదలో కూరుకుని, తాగినవాడు గోడకి ఒరిగినట్టు ఒరిగిపోయి ఉంది. లేచిన వైపు గోడ చీలి, నేను కుట్టిన తెర బయటికి వేలాడుతోంది. మా ఆడపడుచు మోకాలి లోతు బురదలో పరిగెత్తింది. వెనకే నేను.

దగ్గరికి వెళ్తే గానీ తాళ్లు కనపడలేదు. మణికట్టంత లావు తాళ్లు. చట్రానికి చుట్టి, నాలుగు దిక్కులా నేలలో దిగ్గొట్టిన మేకులకి బిగించి కట్టారు. ఒక్క తాడు తెగింది, అందుకే ఆ ఒక్క మూల లేచింది. మూడు తాళ్లు చెక్కుచెదరలేదు. తలుపు తీస్తే లోపల ఇసక బస్తాలు, నేల నిండా, వరసగా, రెండు పక్కలా సమానంగా పేర్చి ఉన్నాయి. బరువు ఒక పక్కే ఉండకూడదన్న మాట కూడా మర్చిపోలేదు.

ఆమె ఆ ముడుల్ని వేళ్లతో తడుముతూ నిలబడిపోయింది. ఎవరు చేశారిది అన్నట్టు చుట్టూ చూసింది. బడి నుంచి తిరిగొచ్చిన వలలమ్మ అప్పటికి మా పక్కకి వచ్చింది. ఇల్లు చూసి ఆమె ముఖమూ పాలిపోయింది. కానీ అడగని ప్రశ్నకి జవాబు చెప్పింది.

"పడవలా చూసుకోమన్నావు కదమ్మా. గాలివానొస్తే మేం పడవని ఒడ్డుకి లాగి, ఇసక బస్తాలేసి, కదలకుండా కట్టేస్తాం. నీది లాగక్కర్లేదు, ఒడ్డునే ఉంది. అందుకని మిగతావి చేశాం. మా పడవలకంటే ముందు నీ ఇల్లే కట్టాం. మంచి తాళ్లన్నీ దీనికే పెట్టాం."

మంచి తాళ్లన్నీ దీనికే పెట్టడం వల్ల పాత తాళ్లతో కట్టిన రెండు పడవలు కొట్టుకుపోయాయి. అందులో ఒకటి వలలమ్మ తమ్ముడిది. ఆ సంగతి ఆమె చెప్పలేదు, వేరేవాళ్లు చెప్పారు.

తేలాల్సిన ఇల్లు. ఏ ఒక్కడూ పట్టించుకోకుండా గాలికి వదిలేసి ఉంటే హాయిగా తేలి, హాయిగా దిగేది. మూడేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నారు కాబట్టి మునిగింది. మా ఆడపడుచు అలాగే బురదలో కూర్చుండిపోయింది. గాలికి స్తంభాలున్నాయి కదా పెద్దమ్మా, నీళ్లకి వదిలేయాలి కదా అని నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు, ఎవరికి చెబుతోందో తెలియకుండా చెబుతోంది. నాకు ఎవరో ఒకరి మీద ఒంటికాలి మీద లేవాలనుంది. చుట్టూ చూశాను. తిట్టడానికి ఒక్క మనిషి దొరకలేదు. అంత చికాకు నా జన్మలో ఎరగను.

ఆ మర్నాడు ఆఫీసులో మీటింగు. ఇంటికొచ్చి ఆమె చెప్పింది విన్నాక నాకు తిట్టడానికి మనిషి దొరికాడు. పెద్దసారు ఫోటోలు చూసి, తాళ్ల మీద వేలు పెట్టి, వాడటం రానివాళ్లకి ఎంత మంచి ఇల్లిచ్చినా ఇంతే, బొమ్మలో తప్పు లేదు, జనంలో ఉంది అన్నాడట. అంటే నిన్ను కాపాడుతున్నాను, ఊరుకో అని అర్థం. ఈమె ఊరుకోలేదు. లేచి నిలబడి, "వాళ్లు నేను చెప్పింది తు.చ. తప్పకుండా చేశారు సార్. నేను చెప్పిందే తప్పు" అందట. వాళ్ల తప్పు కాదు కాబట్టి వాళ్లని కదిలించొద్దని, చెప్పాల్సింది సరిగ్గా చెప్పి ఇంకో వానాకాలం చూద్దామని బతిమాలిందట. పెద్దసారు రెండు మాటల్నీ తనకి అనుకూలంగా వాడేసుకున్నాడు. జనానికి వాడటం రాదు, ఇంజనీరుకి చెప్పడం రాదు. పేటని మేడలకి తరలించాలి, ఈమెని మురుగుకాలువల సెక్షనుకి. మూడు ముక్కల్లో తేల్చి చేతులు దులుపుకున్నాడు. ఏళ్ల తరబడి ఏదీ తేల్చని మనిషి!

ఆ రోజు నేను వండలేదు, తినలేదు, వచ్చిన బేరాల్ని కూడా గుమ్మంలోంచే పంపేశాను. నువ్వు నోరు మూసుకుని ఉంటే నీ బొమ్మైనా మిగిలేది కదా అని అరిచాను. మిగిలి ఏం చేస్తుంది వదినా, బొమ్మలో వలలమ్మ ఉండదు కదా అంది. నేను ఇంకాస్త అరిచాను.

పేటని రెండు విడతలుగా తరలించాలని నిర్ణయం. మొదటి సగం వెంటనే, మిగతా సగం ఈ వానాకాలం దాటాక. వలలమ్మకి ఉండటానికి ఇల్లు లేదు కాబట్టి మొదటి విడతలోనే పంపేశారు. మూడో అంతస్తు. ఓసారి చూడటానికి వెళ్లాం. వల పరవడానికి చోటు లేక మెట్ల మీద పరుచుకుని కూర్చుంది. ఎక్కేవాళ్లు తిట్టుకుంటూ దాటుతున్నారు, ఈమె వాళ్లందరికీ క్షమాపణలు చెబుతోంది. ఎవరికీ క్షమాపణ చెప్పే అలవాటున్న మనిషి కాదు. తమ్ముడు పడవ లేక, ఎవరో కట్టిస్తున్న గోడౌన్లో ఇటుకలు మోస్తున్నాడు.

ఒరిగిన ఇల్లు మాత్రం రేవులోనే ఉండిపోయింది. తీసేయమని ఇళ్ల ఆఫీసుకి చెబితే అది పడవ, రేవు వాళ్లు తీస్తారన్నారు. రేవు వాళ్లు అది ఇల్లు అన్నారు. కట్టడానికి అడ్డుపడ్డ ఆ తగువే ఇప్పుడు దాన్ని కాపాడింది. సెలవు రోజుల్లో మేమిద్దరం అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాం. మురుగుకాలువల సెక్షనులో పని తక్కువ, చికాకు ఎక్కువ, ఆ చికాకంతా తెచ్చి ఆ ఇంటి మీద పెట్టేది. మిగిలిన పేట వాళ్లు గడలు పెట్టి, పడవని లాగే పద్ధతిలో, ఇంటిని నిలబెట్టారు. చీలిన గోడకి కొత్త తడికె అల్లారు. వంగిన కడియం సరిచేయించాం. గోడ మీద ముందు నా సుద్దముక్కతో, తర్వాత రంగుతో, ఇంత లావు అక్షరాలతో రాసింది. "నీళ్లొస్తే కట్టకండి. వదిలేయండి." కాపురం లేని ఇంటి మీద, కదిలిపోబోతున్న పేటలో ఎవరు చదవాలని రాస్తున్నావే అని అడిగితే, నేను చదువుకుంటానులే అంది.

మొన్న ఆదివారం ఏరు వచ్చింది. గాలివాన కాదు, పైన ఎక్కడో కురిసిన వానకి వచ్చిన మామూలు వరద. దానికి సముద్రం పోటు తోడైంది. పేట వాళ్లు పొద్దున్నే సామాను గట్టు మీదకి చేర్చుకుని కూర్చున్నారు. మేం వెళ్లేసరికి వలలమ్మ కూడా అక్కడే ఉంది. సంచి చంకన పెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది. మేడ మీద నీళ్లు రావు కదా, నీకేం పని ఇక్కడ అని ఎవరో వేళాకోళం చేస్తే, అందుకే వచ్చాను అంది.

నీళ్లు మెల్లగా వచ్చాయి. ముందు ఇంటి కింద చేరాయి, తర్వాత డ్రమ్ములు సగం కనపడకుండా పోయాయి. ఏమీ కాలేదు. మా ఆడపడుచు గట్టు అంచున చేతులు కట్టుకుని నిలబడింది, కనురెప్ప వేయడం లేదు. ఇనుము కిర్రుమంది. ఏటి వైపు మూల కొంచెం లేచింది. మళ్లీ ఒరుగుతుందనుకున్నాను. తర్వాత రెండో మూల, మూడోది, నాలుగోది. కడియాలు స్తంభాల వెంట జరిగాయి. ఇల్లు మొత్తం, గడప తడవకుండా, నింపాదిగా పైకి లేచింది. గట్టు మీద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ లేచి నిలబడ్డారు, అంతే. మా ఆడపడుచు కట్టుకున్న చేతులు విప్పి, ఆ మూల ఇంకో డ్రమ్ము ఉండాల్సింది, కాస్త కిందికుంది అంది.

ఫోను చెయ్యమని వలలమ్మే గుర్తుచేసింది. ఆదివారం కాబట్టి పెద్దసారు చాలాసేపటికి ఎత్తాడు. అందరికీ వినపడేలా ఫోను ముందుకి చాపి ఈమె చెప్పింది, ఇల్లు తేలింది సార్, మీరొచ్చి చూడండి, మిగతా సగం పేటనైనా ఆపండి అని. ఆయన అడిగాడు, లోపల ఎవరైనా ఉన్నారా అని. లేరంది.

"ఖాళీ డబ్బా ఎక్కడైనా తేలుతుందమ్మా. కాపురం ఉండాలని అప్పుడే చెప్పానుగా."

ఫోను పెట్టేశాడు. పేట వాళ్లు ఒక్కొక్కరే మళ్లీ కూర్చున్నారు. కాపురం తీయించింది ఎవడు? మేడల మీదకి తరిమింది ఎవడు? నాకు ఆ ఫోనుని ఏట్లోకి విసిరేయాలనిపించింది. మా ఆడపడుచు దాన్ని గుప్పిట్లో పట్టుకుని, నీళ్లలో హాయిగా ఊగుతున్న తన ఇంటిని చూస్తూ నిలబడింది. ఇన్నేళ్లలో ఆమె ఏడవగా నేను చూడలేదు, ఇప్పుడు చూడబోతున్నాననుకున్నాను.

వలలమ్మ లేచింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, గట్టుకి కట్టిన చిన్న దోనె విప్పి, గడవేసుకుంటూ ఇంటి దాకా వెళ్లింది. దోనెని స్తంభానికి తగిలించి, గడప పట్టుకుని లోపలికి ఎక్కింది. ఆ వైపు ఇల్లు కొంచెం వంగింది. ఆమె గుమ్మంలోనే కూర్చుని సంచిలోంచి చిరిగిన వల తీసి ఒళ్లో పరుచుకుంది.

"ఇప్పుడు చెప్పమ్మా, కాపురం ఉందని."

మా ఆడపడుచు అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతల మోగుతోంది, ఎత్తడం లేదు. ఫోను అలాగే పట్టుకుని, మధ్యలోకి జరుగు పెద్దమ్మా, మూల వంగుతోందని కేకేసింది. వలలమ్మ జరగలేదు. లోపల చీకటి, వల కనపడదు, వెలుతురు గుమ్మంలోనే ఉంది అంది. అప్పుడు మా ఆడపడుచు నా వైపు తిరిగి, "వదినా" అంది. ఇంకేమీ అనక్కర్లేదు.

ఈసారి ముంచితే ఊరుకోనని చెప్పి, పేట వాళ్లలో ఒకర్ని దోనె ఎక్కించుకుని తీసుకెళ్లమన్నాను. ఎక్కి, బీరువా ఉండాల్సిన చోటు దాటి, రెండో పక్క గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఇల్లు కాస్త ఊగి, సమంగా నిలబడింది. గట్టు మీద మా ఆడపడుచు మళ్లీ నంబరు నొక్కుతోంది. ఆయన ఎత్తేదాకా దిగేది లేదని వలలమ్మ అంది. సరే, సూదిలో దారం నేనెక్కిస్తాను, ఇటివ్వమన్నాను.